గాజువాక తమ్ముడూ, మా వియత్నాం అడ్వాన్సూ

ఆ రోజుల్లో మా విశాఖపట్నంలో ఫారిన్ వెళ్ళిరాని మనిషిని మనిషి కింద జమకట్టడం మానేశారు. అంతకుముందు మావాళ్ళకి విమానం అంటే తలెత్తి చూసి, తల దించుకుని, మళ్ళీ పనిలో పడిపోయే వస్తువు. మా ఊరి నుంచే బ్యాంకాక్‌కీ సింగపూర్‌కీ నేరుగా ఎగిరిపోవచ్చని ఎప్పుడైతే తెలిసిందో, ఇక చూస్కోండి, సీతమ్మధార మొదలుకొని దువ్వాడ దాకా ప్రతి షోకేసులోనూ ఒక చెక్క ఏనుగు వెలిసింది. ప్రతి ఫోన్‌లోనూ పూల చొక్కా వేసుకుని, పులి పక్కన కూర్చుని, పులికన్నా ఎక్కువ బెదిరిపోయిన ఒక మామయ్య ఫోటో చేరింది. నాలుగు రోజులు వెళ్ళొచ్చినవాళ్ళు ఏడాది పొడుగునా మాట్లాడేవారు. మా బీచ్‌లో కాలు పెట్టమంటే ఇసుక అంటుకుంటుందని మొహం చిట్లించే మనుషులే, పట్టాయా ఇసుక ఎంత మెత్తనో అరచెయ్యి చాపి మరీ వర్ణించేవారు. ఆ వర్ణనలు వినీ వినీ మిగిలినవాళ్ళకి కడుపు మండి, వాళ్ళూ టూరు ఏజెంట్ల కోసం వెతకడం మొదలుపెట్టారు. అలా వెతికిన తెలివైన కుటుంబాల్లో మాదొకటి. ఎంత తెలివైనదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నాకప్పుడు ఉద్యోగం కొత్త. పోర్టు రోడ్డులో ఒక ఓడల ఏజెన్సీ ఆఫీసు, అందులో కాగితాలు చూసే సీటు నాది. ఓడ ఒడ్డుకొస్తుంది, సరుకు దిగుతుంది, ఆ సరుకు తనదేనని చెప్పుకునే పెద్దమనిషి మా కౌంటరు దగ్గరికి వస్తాడు. ఆయన ఒరిజినల్ కాగితం తెచ్చి బల్ల మీద పెడితేనే నేను డెలివరీ ఆర్డరు మీద సంతకం పెడతాను. అదుంటేనే సరుకు బయటికి పోతుంది. జిరాక్సు చూపిస్తే కుదరదు, ఫోన్‌లో ఫోటో చూపిస్తే కుదరదు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నా కుదరదు. పేరులో ఇంటిపేరు అక్షరం ఒకటి తక్కువైనా వెనక్కి పంపేసేదాన్ని. "అమ్మా, మనం మనం ఒకటి, రేపు తెచ్చిచ్చేస్తాను కదా" అని మా తాత వయసువాళ్ళు బతిమాలినా, "రూల్ రూలే సర్" అనేదాన్ని. ఆ మాట అన్నప్పుడల్లా కుర్చీలో కొంచెం వెనక్కి వాలేదాన్ని కూడా (ఆ కుర్చీ అలాంటిది). ఇంట్లో నాకు 'కస్టమ్స్' అని పేరు పెట్టారు. నేను పనిచేసేది కస్టమ్స్‌లో కాదని చెప్పీ చెప్పీ విసిగిపోయాను. విదేశీ కంపెనీలకి రోజూ మెయిళ్ళు రాసే పిల్ల కాబట్టి, విదేశీ టూరు మాట్లాడే పని సహజంగానే నా నెత్తిన పడింది.

టూరు అసలు మా పిన్నిది. గోపాలపట్నంలో మెయిన్ రోడ్డు వెనక సందులో ఆమె ఇల్లు. కింద టైలరింగ్ షాపు, పైన రెండు గదులు, ఆ పైన డాబా. విమానాలు ఆ డాబా మీంచి ఎంత కిందగా తిరిగేవంటే, ఆరబెట్టిన వడియాల మీద వాటి నీడ పడేది. బాబాయి పోయిన తరవాత ఆ కుట్టు మిషను మీదే బతికిన మనిషి పిన్ని. ఫారిన్ వెళ్ళే ఆడవాళ్ళ జాకెట్లూ చుడీదార్లూ అన్నీ ఆమే కుట్టేది. బుధవారం ఫ్లైటు, మంగళవారానికల్లా కావాలని గుడ్డ విసిరేసి వెళ్ళేవారు. వెళ్ళేవారు, వచ్చేవారు, అక్కడి తిండికి కొంచెం లావై, అవే జాకెట్ల కుట్లు విప్పించుకోవడానికి మళ్ళీ పిన్ని దగ్గరికే తయారయ్యేవారు. విప్పుతూ ఆ కబుర్లన్నీ పిన్నే వినాలి. ఆమె కుట్టిన జాకెట్లు సగం ఆసియా తిరిగొచ్చాయి, ఆమె మాత్రం తిరుపతి దాటలేదు.

పిన్ని కోరిక వింటే మీకు నవ్వొస్తుంది. ఆమెకి ఆ దేశమూ ఈ దేశమూ కాదు కావలసింది. "ఎన్నాళ్ళబట్టో ఆ ఇమానాలు పైనుంచి నన్ను సూత్తన్నాయే. ఒక్కపాలి నాను అందులో కూకొని నా డాబా సూడాల" అనేది. డాబా గుర్తుపట్టడానికి ఉపాయం కూడా ఆలోచించి పెట్టుకుంది. వెళ్ళేముందు తన పసుపురంగు చీర తాడు మీద పొడుగ్గా ఆరేసి వెళ్తుందట, తిరిగొచ్చేటప్పుడు అది కనబడుతుందట. పాస్‌పోర్టు వచ్చిన రోజున దానికి పట్టు జాకెట్టు ముక్కతో సంచీ కుట్టి, వీధి వీధంతా తిప్పి చూపించింది. వియత్నాం ఎందుకంటే, ఎవరో కస్టమరు నీళ్ళలోంచి లేచిన కొండల ఫోటో చూపించిందిట. యారాడ కొండ ఎక్కితే ఉచితంగా కనబడే దృశ్యానికి ఇంత ఖర్చెందుకని మా బావ అన్నాడు గానీ, తనూ వస్తానని అదే నోటితో అన్నాడు. వెళ్ళేది పిన్ని, అక్క, బావ, నేను. సగం పైన డబ్బు పిన్నిది, అదీ ఎన్నో పండగలకీ పెళ్ళిళ్ళకీ కళ్ళు పోగొట్టుకుని కుట్టిన డబ్బు. పైగా ఈసారి తనూ వెళ్తున్నానని ఆమె కస్టమర్లందరికీ చెప్పేసుకుంది. వెళ్ళకపోతే ఆ సందులో ఆమె తలెత్తుకోలేదు.

ఇక మా బావ. అక్క మొగుడు, స్టీల్ ప్లాంటులో స్టోర్స్ సెక్షను. ఇంట్లో పేరు 'విజిలెన్స్'. ఈ భూమ్మీద పుట్టిన ప్రతివాడూ తనని మోసం చెయ్యడానికే పుట్టాడని ఆయన నమ్మకం. గ్యాసు బండ వస్తే తూచుకుని గాని దింపనివ్వడు (దానికోసం స్ప్రింగు కాటా కొన్నాడు). పెట్రోలు బంకులో మీటరు సున్నా దగ్గర ఉందో లేదో వంగి చూసి, ఆ పిల్లాడి మొహం కూడా వంగి చూస్తాడు. పుచ్చకాయకి రంగు ఎక్కించారేమోనని అనుమానించి, ముక్కని నీళ్ళలో వేసి ఒక పూటంతా కాపలా కాసిన మనిషి. అలాంటి కాపలాదారుడు ఉండగా మనకేం భయం అని అందరం అనుకున్నాం.

నేను ఇంటర్నెట్‌లో వెతికి వియత్నాం రాజధాని హనోయ్‌లో ఒక టూరు కంపెనీని పట్టుకున్నాను. అక్కడి నుంచి ఒకావిడ జవాబు రాసింది. ఆవిడ మెయిలు చదువుతుంటే మా ఆఫీసులో మా బాస్ గొంతు వినబడినట్టు ఉండేది. మొదట చిన్న మొత్తం డిపాజిట్టు, అది కూడా కంపెనీ పేరు మీదున్న లింకులో కార్డుతోనే కట్టాలి, వ్యక్తుల ఖాతాకి పంపకూడదు. మిగతాది మీరు వచ్చాక. ఇదిగో మా లైసెన్సు కాపీ, మా ప్రభుత్వం వెబ్‌సైటులో నంబరు సరిచూసుకోండి. ఎప్పటిలోగా మానుకుంటే ఎంత తిరిగివస్తుంది, ఎప్పుడు అసలు రాదు, అన్నీ ముందే చదివి, ఒప్పుకుంటున్నామని రాసి పంపాకే డబ్బు కట్టండి. ఒక నవ్వు బొమ్మ లేదు, ఒక దండం బొమ్మ లేదు. బావ ఆవిడకి 'రూల్సమ్మ' అని పేరు పెట్టాడు. ఇన్ని షరతులు పెట్టిందంటే ఏదో మోసం ఉండే ఉంటుందని తేల్చాడు. డబ్బు రాదని ముందే చెప్పేవాళ్ళని నమ్మకూడదట, మంచివాళ్ళెవరూ ఆ ఊసే ఎత్తరట. పుచ్చకాయని నీళ్ళలో వేసిన బుర్ర అది, దాని తర్కం నాలాంటివాళ్ళకి అందదు. కార్డు మీద మూడు శాతం ఎక్కువ పడుతుందనేసరికి అక్క కూడా మొహం ముడుచుకుంది. వాళ్ళు చెప్పేది బాగానే ఉంది కదా అని నేను గొణిగాను. గొణగడం వేరు, చెప్పడం వేరు అని అప్పటికి నాకు తెలీదు.

సరిగ్గా అప్పుడు దిగాడు గాజువాక తమ్ముడు. ఏదో టూరు గ్రూపులో నేను అడిగిన ప్రశ్న చూసి ఫోన్ చేశాడు. హనోయ్‌లో సొంతంగా ట్రావెల్స్ నడుపుతున్నాట్ట, పుట్టి పెరిగింది గాజువాకలోనట. నేను అక్కని, బావ బావ, పిన్ని పిన్నే. మా ఇంట్లోవాళ్ళకే అంత తొందరగా వరసలు కుదరలేదు. రెండో నిమిషానికల్లా మాలో ఒకడైపోయాడు. "అగ్రిమెంట్లేటి బావా, మన మధ్యన? ఆళ్ళు పరాయోళ్ళు గనక కాయితాలు అడుగుతారు. మనకెందుకు ఆ గోల?" అన్నాడు. హనోయ్‌లో పిన్నికి చేపల పులుసు తనే దగ్గరుండి వండిస్తానన్నాడు. ఆ మాటకి పిన్ని చేతిలోని కత్తెర పక్కన పెట్టి, మిషను ఆపి, ఫోన్ దగ్గరికి జరిగింది.

బావ మాత్రం తొందరపడలేదు. ఆయన విజిలెన్స్ కదా. పరీక్ష పెట్టాలన్నాడు. స్పీకరు ఆన్ చేయించి, గొంతు సవరించుకుని ప్రశ్నలు మొదలుపెట్టాడు. లైసెన్సు ఉందా అని అడగలేదు, ఆఫీసు ఎక్కడని అడగలేదు, ఇదివరకు ఎవరిని తీసుకెళ్ళావని అడగలేదు. ఆయన అడిగింది ఇది. "పెద్ద తుఫాను రోజున మీ ఇంటికాడ ఏటయ్యింది?"

మా ఊరి సంగతి తెలియనివాళ్ళకి ఇది అర్థం కాదు. ఆ పెద్ద తుఫాను మా మీదుగా పోయిన తరవాత, విశాఖపట్నంవాడు ఇంకో విశాఖపట్నంవాణ్ణి ఎక్కడ కలుసుకున్నా ముందుగా అడిగేది అదే. చెట్టు పడని ఇల్లు లేదు, రేకు ఎగరని కప్పు లేదు, కథ లేని మనిషి లేడు. మా ఊళ్ళో అది ఆధార్ కార్డుకన్నా గట్టి రుజువు. గాజువాక తమ్ముడు గొంతు తగ్గించి చెప్పాడు. డాబా మీద నల్ల నీళ్ళట్యాంకు పెళ్ళగించుకుని, గిరగిరా తిరుగుతూ రెండు వీధులవతల రేషన్ షాపు ముందు పడిందట. ఇంటి తలుపు గడియ ఊడిపోతే వాళ్ళమ్మ తన చీర కొంగుతో గొళ్ళేన్ని కిటికీ ఊచకి కట్టి, గాలి తగ్గేదాకా వీపు తలుపుకి ఆనించి కూర్చుందట. "అమ్మ ఈపు మీద ఆ తలుపు బద్దీ గుర్తు నాలుగు రోజులుంది బావా" అన్నాడు. పిన్ని ముక్కు చీదింది. బావ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తరవాత మా వైపు తిరిగి, నూటికి నూరు మార్కులు వేసిన మాస్టారులా తల పంకించి, "మనోడే" అన్నాడు.

సగం డబ్బు ఇప్పుడే పంపాలి, సాయంత్రం దాటితే హోటలు రేట్లు పెరిగిపోతాయి, హనోయ్‌కి డబ్బు పంపడం పెద్ద రాద్ధాంతం గనక ఇక్కడే వాళ్ళ వదిన ఖాతాలో వేసేస్తే చాలు, కార్డు జోలికి పోతే మూడు శాతం బ్యాంకువాడి పాలు. ఇదంతా తమ్ముడు ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు, మేం ఊపిరి తిప్పుకోకుండా విన్నాం. యూపీఐ తెర మీద వదిన పేరు వచ్చింది. ఆ పేరుకీ ఈ తమ్ముడికీ సంబంధం ఏమిటో ఆ తెర చెప్పలేదు. ఆ రోజు పొద్దున్నే నేను ఆఫీసులో ఒక ముసలాయన్ని, పేరు వెనక ఒక అక్షరం లేదని, మండుటెండలో మళ్ళీ కంచరపాలెం పంపించాను. ఆ నేనే పిన్ని పక్కన కూర్చుని, "ఇదేనా పేరు?" అని బావ అడిగితే, "వదినదట కదా" అన్నాను. పిన్ని ఇష్టదైవాన్ని తలచుకుని పిన్ను కొట్టింది. టింగుమని చప్పుడైంది. ఎంతో కష్టపడి కూడబెట్టిన డబ్బు అంత చిన్న చప్పుడుతో వెళ్ళిపోతుందని అప్పుడే చూశాను.

తరవాత వారం మా ఇంట్లో పెళ్ళి కళ. గాజువాక తమ్ముడు హోటలు ఫోటోలు పంపాడు, పడవల ఫోటోలు పంపాడు, శుభోదయం బొమ్మలు పంపాడు. పిన్ని తన కోసం తాను జాకెట్లు కుట్టుకుంది, అదీ అర్జెంటుగా, తనకి తనే గడువు పెట్టుకుని. నేను మర్యాద కోసం రూల్సమ్మకి ఒక మెయిలు రాశాను, మేం వేరేచోట బుక్ చేసుకున్నామని. ఆవిడ జవాబు రెండు వాక్యాలు. మీ ప్రయాణం బాగా జరగాలి. మిగతా డబ్బు కట్టేముందు, మీ పేరు మీద గది ఉందో లేదో హోటలువాళ్ళనే నేరుగా అడగండి. "ఏడుపు, మనం పోలేదని" అన్నాడు బావ. నాకూ అలాగే అనిపించింది గానీ, ఆఫీసులో పని లేని మధ్యాహ్నం కదా, ఊరికే హోటలుకి ఒక మెయిలు పెట్టాను. ఆ పేర్లతో తమ దగ్గర ఏ బుకింగూ లేదని సాయంత్రానికల్లా జవాబు వచ్చింది.

అందరం పిన్ని షాపులో సమావేశమై తమ్ముడికి ఫోన్ చేశాం. తరవాత జరిగింది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అతను బాధపడ్డాడు. "హోటలోడికి మెయిల్ పెట్టీసినారేటక్కా? నా మీద నమ్మకం లేదేటి? బావా, నువ్వైనా సెప్పవేటి?" అన్నాడు. ఎంత ఆర్తిగా అన్నాడంటే, బావ నా మీద కళ్ళెర్రజేశాడు. ఇంటి పిల్లాణ్ణి అనుమానించి పరాయి దేశం హోటలువాడి మాట నమ్ముతావా అని నిలదీశాడు. చివరికి మేమందరం స్పీకరులో ఆ మనిషికి క్షమాపణ చెప్పుకున్నాం. డబ్బు పోగొట్టుకున్నవాళ్ళం, వరసగా, ఒకరి తరవాత ఒకరం. అతను పెద్ద మనసుతో క్షమించాడు. క్షమించి, మిగతా సగం శుక్రవారానికల్లా వేసేయమన్నాడు.

పిన్ని ఒక్కతే క్షమాపణ చెప్పలేదని నేను తరవాత గమనించాను. ఫోన్ పెట్టేశాక, "మిగతాది ఉండనీండి. గది సూపించినాక ఏద్దాం" అని మిషను తొక్కుకోవడం మొదలుపెట్టింది. శుక్రవారం వెళ్ళింది, డబ్బు వెళ్ళలేదు. శనివారం వాట్సాప్‌లో అతని ఫోటో మాయమైంది, ఆ తరవాత ఫోన్ మోగడం మానేసింది. బావ ఆ రోజంతా నెట్‌వర్కుని తిట్టాడు.

బ్యాంకుకి వెళ్ళాం, పోలీసుల దగ్గరికి వెళ్ళాం. ఫిర్యాదు రాసుకున్న ఎస్సైగారు అతన్ని మీరు ఏ ఆధారంతో నమ్మారని అడిగారు. బావ తుఫాను కథ మొత్తం చెప్పాడు, ట్యాంకుతో సహా. ఎస్సైగారు పెన్ను ఆపి చాలాసేపు బావనే చూశారు (ఆయన ఇంటి మీద కూడా ఏదో ఎగిరే ఉంటుంది, కథ మధ్యలో ఆపలేదు). తొందరగా వచ్చారు గనక ఖాతాలో మిగిలినదేదైనా ఉంటే ఆపించగలం అన్నారు, పెద్దగా ఆశ పెట్టుకోవద్దని కూడా అన్నారు.

బావకి పరువు దక్కించుకోవడం కావాలి. పోలీసులకన్నా ముందు తానే వాడిల్లు పట్టుకుంటానన్నాడు. ఒక ఆదివారం పొద్దున్న బావ, పిన్ని, నేను గాజువాక వెళ్ళాం. వాడు ఫోన్‌లో చెప్పిన గుర్తులన్నీ బావకి నోటికొచ్చు. గుడి ఆర్చి, సైకిలు షాపు, రెండో సందు. అన్నీ ఉన్నాయి. రేషన్ షాపు దగ్గర ఆగి, తుఫానుకి ఇక్కడ ట్యాంకు పడిందా అని బావ అడిగితే, అక్కడి మనిషి లేచొచ్చి పడిన చోటు కూడా చూపించాడు. చిట్లిన గచ్చు ఇంకా అలాగే ఉంది. బావ మొహం వెలిగిపోయింది. "సూసినావా? ఆడు అబద్ధం ఆడలేదు" అన్నాడు నాతో. డబ్బు పోయిన మనిషికి అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

వాళ్ళమ్మ ఇంట్లోనే ఉంది. చిన్న ఇల్లు, శుభ్రంగా ఉంది. కొడుకు స్నేహితులమనుకుని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. తలుపు అదే, గొళ్ళెం అదే, కిటికీ ఊచ అదే. బావ ఆ తలుపు దగ్గరికి వెళ్ళి, గుళ్ళో గడపని ముట్టుకున్నట్టు ముట్టుకున్నాడు. ఆవిడ తుఫాను కథ మళ్ళీ మొదటినుంచీ చెప్పింది, కొడుకు చెప్పినదానికన్నా బాగా. మేం వచ్చిన పని చెప్పడానికి ఎవరికీ నోరు రావడం లేదు. చివరికి పిన్నే, మీ అబ్బాయి వియత్నాం నుంచి ఎప్పుడొస్తాడమ్మా అని మెల్లిగా అడిగింది.

"ఇయత్నామేటి?" అంది ఆవిడ. "మావోడు అక్కడున్నాడని ఎవుల్సెప్పినారమ్మా? మొన్నటిదాకా అనకాపల్లిలోనే తిరిగినాడు. ఆడికి పాస్‌పోర్టే లేదు. ఎలగోలాగ ఫారిన్ ఎల్లాలని ఆశ. ఎవుడికో అడ్వాన్సు కట్టి నా గాజులు కూడా పోగొట్టినాడు. మీ దగ్గిర కూడా ఏటైనా తీసుకున్నాడేటమ్మా?"

నాకైతే నవ్వాలో ఏడవాలో తెలియలేదు, ఆ గదిలో కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. అక్కడినుంచి లేచిపోవాలనిపించింది. పిన్ని మాత్రం మజ్జిగ గ్లాసు కింద పెట్టి, నవ్వడం మొదలుపెట్టింది. మొదట మెల్లిగా, తరవాత భుజాలు ఊగేలా. "ఆడికి పాస్‌పోర్టు లేదు. నాకుంది కదమ్మా" అంది. ఆవిడకి అర్థం కాలేదు. పిన్ని డబ్బు మాట ఎత్తనేలేదు, ఆవిడ చెయ్యి ఒకసారి పట్టుకుని లేచింది. వసూలుకి వెళ్ళిన మా విజిలెన్స్ బావ ఆవిడ పొట్లం కట్టి ఇచ్చిన ఎండు నెత్తళ్ళ చేపలతో బయటికొచ్చాడు. కారులో కూర్చుని, ఎంత మంచివాళ్ళో అన్నాడు. నేను దండం పెట్టాను. వాడు మనోడే అన్నది నిజం, తుఫాను నిజం, ట్యాంకు నిజం, అమ్మ వీపు మీద గుర్తు కూడా నిజమే. వాటిలో ఏ ఒక్కటీ టూరు ఏజెంటుకి ఉండాల్సిన లక్షణం కాదని మా అందరి బుర్రల్లో ఒక్కదానికీ తట్టలేదు.

పిన్ని ఇంకో పెళ్ళిళ్ళ సీజను కుట్టింది. కస్టమర్లు టూరు ఎప్పుడని అడిగితే, వాయిదా పడిందని చెప్పింది. అడిగినవాళ్ళలో కొందరు నవ్వు దాచుకుంటూ అడిగిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది, వాళ్ళ కొలతలు కూడా పిన్ని ఏమీ పట్టించుకోకుండా శ్రద్ధగానే తీసుకునేది. నాకైతే ఆ టేపుతో ఇంకేదైనా చెయ్యాలనిపించేది. పోలీసుల పుణ్యమా అని వదినగారి ఖాతాలో మిగిలిన కాస్తా తిరిగొచ్చింది. నేను సిగ్గు చంపుకుని రూల్సమ్మకి మళ్ళీ రాశాను, జరిగిందంతా వివరంగా, నాలుగు పేరాలు. అయ్యో పాపం అంటుందనుకున్నాను. లైసెన్సు కాపీ కొత్తది జత చేశాననీ, షరతులు మారాయి గనక మళ్ళీ మొదటినుంచీ చదవమనీ జవాబు పంపింది. చదివాం. నంబరు సరిచూశాం. కార్డుతో, కంపెనీ పేరు మీద, చిన్న డిపాజిట్టు కట్టాం. హోటలుకి నేరుగా రాసి, గది ఉందని వాళ్ళ నోట చెప్పించుకున్నాం. మూడు శాతం బ్యాంకువాడికి పోయింది. బావ దానికి ఒక రోజు అన్నం సరిగ్గా తినలేదు.

హనోయ్‌లో విమానం దిగేసరికి రూల్సమ్మ అట్టముక్క మీద పిన్ని పేరు రాసి పట్టుకుని నిలబడి ఉంది. పిన్ని భుజం దాకా కూడా లేదు ఆ మనిషి. నవ్వలేదు. ముందు పాస్‌పోర్టులు చూసింది, మిగతా డబ్బుకి రసీదు ఇచ్చింది, సంతకాలు పెట్టించుకుంది, అప్పుడు నీళ్ళ సీసాలు ఇచ్చింది. ఉన్నన్నాళ్ళూ చెప్పిన వేళకి చెప్పినచోట బండి ఉంది. బావ కొబ్బరికాయ బేరంలో ఆలస్యం చేస్తే, ఆలస్యానికి డ్రైవరుకి ఇవ్వాల్సిన అదనం ఆయన దగ్గరే వసూలు చేసింది, ఏ పేజీలో రాసుందో కూడా చూపించింది. నీళ్ళలోంచి లేచిన కొండల మధ్య పడవ మీద పిన్ని కొత్త జాకెట్టు వేసుకుని కూర్చుని, "బాగున్నాయి. మన యారాడా బాగుంతాది" అంది. వచ్చేటప్పుడు రూల్సమ్మకి ఒక జాకెట్టు గుడ్డ ఇవ్వబోతే, కంపెనీ రూలు ఒప్పుకోదంది. పిన్ని ఆ మాటకి చాలా సంతోషించింది.

తిరుగు ప్రయాణంలో చెన్నైలో విమానం మారి మధ్యాహ్నానికి మా ఊరి మీదికి వచ్చాం. అసలు టూరు ఇప్పుడే మొదలైనట్టు పిన్ని కిటికీకి ముక్కు ఆనించి కూర్చుంది. వెళ్ళేముందు పసుపు చీరని క్లిప్పులు పెట్టి, అంచుల్లో రాళ్ళు కట్టి మరీ ఆరేసింది. విమానం ఒక పక్కకి వంగింది. కొండ, ఓడలు, పట్టాలు, అగ్గిపెట్టెల్లాంటి ఇళ్ళు, అన్నీ ఒకదాని మీద ఒకటి జరిగిపోయాయి. నేను పిన్ని భుజం మీదుగా ఎంత వెతికినా నాకు గోపాలపట్నమే దొరకలేదు. "అదిగో అదిగో" అని బావ అవతలి కిటికీలోంచి చూపించాడు, అటువైపు ఉన్నది సముద్రం. పిన్ని కిటికీ నుంచి మొహం తిప్పలేదు. చక్రాలు నేలని తాకాక ఇటు తిరిగి, "అవుపించిందే" అంది. మొహం చిన్నపిల్ల మొహంలా ఉంది.

ఇంటికొచ్చేసరికి పక్కింటావిడ పసుపు చీర మడత పెట్టి తెచ్చిచ్చింది. నిన్న గాలి గట్టిగా వేసిందట, ఎగిరిపోతుందేమోనని అప్పుడే తీసి దాచిందట. పిన్ని చీర అందుకుని, నా మొహం వైపు ఒకసారి చూసి, లోపలికి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచీ షాపుకి వచ్చిన ప్రతి ఆడమనిషికీ, పైనుంచి తన డాబా ఎలా కనబడిందో, పసుపు చీర గాలికి ఎలా ఊగిందో చెప్పింది. ఇప్పుడు విమానాశ్రయమే ఊరి బయటికి తరలిపోతోందంటున్నారు, ఇక ఆ డాబా మీంచి ఏదీ పోదు, పిన్ని వడియాలకి నీడ ఉండదు. అయినా కథ మాత్రం ఆమె ఇప్పటికీ చెబుతూనే ఉంది. చెప్పి, నేను అక్కడుంటే నా వైపు తిరిగి, "నువ్వూ సూసినావు కదే?" అంటుంది. నేను అదే ఆఫీసులో ఇప్పుడు పెద్ద సీటులో ఉన్నాను, వాలడానికి ఇంకా మంచి కుర్చీ ఇచ్చారు, పేరులో అక్షరం తేడా ఉంటే ఇప్పటికీ వెనక్కి పంపుతాను. పిన్ని అడిగినప్పుడు మాత్రం, చూశాను పిన్నీ, పసుపుగా, పొడుగ్గా, స్పష్టంగా కనబడింది అంటాను. గాజువాక తమ్ముడి తరవాత ఒరిజినల్ చూడకుండా నేను సంతకం పెట్టింది ఆ ఒక్కదానికే.